గీతలు ఎక్కడ పడాలి? కోల్డ్ రూమ్ చార్టుల్లో యాక్సిస్ అంతరాలు సరిదిద్దిన ఒక కేస్ స్టడీ

వ్యాక్సిన్లు నిల్వ చేసే ఒక కేంద్రం వాళ్ల నెలవారీ ఉష్ణోగ్రత నివేదికను చూసిపెట్టమని నన్ను అడిగారు. అక్కడ చాలా కోల్డ్ రూములు ఉన్నాయి. ప్రతి గదిలో ఒక లాగర్ 10 నిమిషాలకోసారి ఉష్ణోగ్రతను నమోదు చేస్తుంది. అంటే రోజుకు 144 రీడింగులు, 30 రోజులకు 4,320. నెలాఖరున వాటిని ఎక్సెల్‌లో పోసి, గదికో చార్టు గీసి, పేజీకి నాలుగు చొప్పున పెట్టి పై అధికారులకు పంపుతారు.

వాళ్ల బాధ ఒక్కటే: ఏ గది బాగుందో, ఏది బాగాలేదో చార్టు చూస్తే తెలియడం లేదు. పైగా అన్నిటికన్నా బాగా పనిచేసే గది చార్టే అందరికీ టెన్షన్ తెప్పిస్తోంది. డేటాలో తేడా ఉందేమోనని వాళ్ల అనుమానం. లాగర్ల కాలిబ్రేషన్ పత్రాలు చూశాను, రీడింగులు చూశాను, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఇబ్బంది ఉన్నది యాక్సిస్ స్కేలులో. అది ఎక్కడ మొదలవుతోంది, గీతకూ గీతకూ మధ్య ఎంత దూరం ఉంది అన్న రెండు విషయాలనూ మొదటి నుంచీ సాఫ్ట్‌వేర్‌కే వదిలేశారు.

బాగున్న గది ఎందుకు భయపెట్టింది

మంచి గదిలో నెలంతా ఉష్ణోగ్రత 4.8 నుంచి 5.6 డిగ్రీల సెల్సియస్ మధ్యే ఉంది. వ్యాక్సిన్లకు ఉండాల్సింది 2 నుంచి 8 డిగ్రీలు. ఇంతకన్నా నిలకడ ఎవరూ కోరరు. కానీ చార్టులో నిలువు యాక్సిస్ 4.4 దగ్గర మొదలై 5.8 దగ్గర ఆగింది. గీతలు 0.2 డిగ్రీలకు ఒకటి. దాంతో సన్నటి కదలిక కూడా పేజీ కింది నుంచి పై దాకా ఎగిరెగిరి పడుతున్నట్టు కనిపించింది.

ఇది ఎక్సెల్ సొంత లెక్క. విలువలన్నీ సున్నాకు పైనే ఉంటే, గరిష్ఠానికీ కనిష్ఠానికీ మధ్య తేడా గరిష్ఠంలో 16.667 శాతాన్ని దాటిందా అని అది చూస్తుంది. దాటితే యాక్సిస్ సున్నా నుంచి మొదలవుతుంది. దాటకపోతే, కనిష్ఠంలోంచి ఆ తేడాలో సగం తీసేసి, అక్కడికి దిగువన పడే మొదటి గీత దగ్గర మొదలుపెడుతుంది. ఈ గది తేడా 0.8. గరిష్ఠం 5.6లో 16.667 శాతం అంటే దాదాపు 0.93. తేడా అంతకన్నా తక్కువ కాబట్టి 4.8లోంచి 0.4 పోయి 4.4 వచ్చింది. గది ఎంత నిలకడగా ఉంటే స్కేలు అంత దగ్గరికి జరుగుతుంది, చిన్న కదలిక కూడా అంత పెద్దదిగా కనిపిస్తుంది.

ఇంకో సంగతి కూడా వాళ్లకు చెప్పాను. వాళ్ల లాగర్ల కచ్చితత్వం ప్లస్ ఆర్ మైనస్ 0.5 డిగ్రీలు. అలాంటప్పుడు 0.2 డిగ్రీలకో గీత గీయడంలో అర్థం లేదు. పరికరానికి తెలియని తేడాను చార్టు తెలిసినట్టు చూపించినట్టవుతుంది. చదివేవాడు 5.0కీ 5.2కీ మధ్య కారణాలు వెతుక్కుంటూ కూర్చుంటాడు.

బాగాలేని గది ఎందుకు తప్పించుకుంది

అదే పేజీలో పక్కనున్న గది కథ పూర్తిగా వేరు. ఒక మధ్యాహ్నం ఉష్ణోగ్రత 13 డిగ్రీల దాకా పెరిగింది. మరో రాత్రి మైనస్ 1కి పడిపోయింది. విలువల విస్తృతి పెద్దది కావడంతో ఎక్సెల్ మైనస్ 5 నుంచి 15 దాకా, 5 డిగ్రీలకో గీత వేసింది. రోజువారీ కదలికలన్నీ 0కీ 10కీ మధ్య చిన్న అలల్లా సర్దుకుపోయాయి. పక్క చార్టుతో పోల్చితే ఇది ప్రశాంతంగా ఉన్నట్టే అనిపిస్తుంది. గీతలేమో 0, 5, 10 మీద ఉన్నాయి. 2 ఎక్కడుందో, 8 ఎక్కడుందో కంటితో అంచనా వేసుకోవాల్సిందే. నెలలో ఎన్నిసార్లు 8 దాటిందని ఒక అధికారి అడిగితే, చార్టు చేతిలో ఉండి కూడా ఎవరూ జవాబు చెప్పలేకపోయారు.

సాఫ్ట్‌వేర్లు 0.2, 5, 10 లాంటి అంకెలనే ఎందుకు ఎంచుకుంటాయో తెలిస్తే పరిష్కారం తేలికవుతుంది. చాలా ప్రోగ్రాముల్లో గీతల అంతరం 1, 2, 5 అనే అంకెలతో, వాటిని పదితో హెచ్చించగానో భాగించగానో వచ్చే వాటితో తయారవుతుంది. కంప్యూటర్ గ్రాఫిక్స్ పరిశోధకుడు పాల్ హెక్బర్ట్ 1990లో ప్రచురించిన చిన్న పద్ధతి ఇదే. వెబ్‌లో చార్టులు గీసే డీ3 ఇప్పటికీ 1, 2, 5తోనే నడుస్తుంది. పైథాన్ భాషలో చార్టులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్ తనంతట తానుగా వేసే గీతల్లో ఈ మూడింటికి 2.5 కూడా కలుస్తుంది. మనుషులు తేలిగ్గా చదివే అంకెలు ఇవ్వడం వీటి ఉద్దేశం, ఆ పని బాగానే చేస్తాయి. అయితే 2 దగ్గరా 8 దగ్గరా ఒక మనిషి నిర్ణయం తీసుకోవాలన్న సంగతి ప్రోగ్రాముకు తెలిసే దారి లేదు. అది మనమే చెప్పాలి.

నిలువు యాక్సిస్: నిర్ణయం ఎక్కడుందో గీత అక్కడ

అందుకని రీడింగుల పరిధిని పక్కన పెట్టి, చదివేవాళ్లు ఏ అంకెల దగ్గర చర్య తీసుకుంటారో ముందు రాసుకున్నాం. 2, 8 ఎలాగూ ఉన్నాయి. 0 కూడా కావాలి, ఎందుకంటే హెపటైటిస్ బి, టెటానస్ వ్యాక్సిన్ల లాంటివి గడ్డకడితే పనికిరావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల్లో 30 రోజుల రికార్డర్లకు అలారం హద్దులు కూడా ఉన్నాయి: మైనస్ 0.5 లేదా అంతకన్నా తక్కువలో 60 నిమిషాలు, 8 డిగ్రీల పైన వరుసగా 10 గంటలు.

0, 2, 8 మూడూ గీతల మీద పడాలంటే అంతరం 2 సరిపోతుంది. 3 కూడా పరిశీలించాను. మైనస్ 1 దగ్గర మొదలుపెట్టి 3 చొప్పున వెళ్తే 2, 5, 8, 11, 14 వస్తాయి. 2 నుంచి 8కి సరిగ్గా మధ్యలో ఉన్న 5 కూడా గీత మీద పడుతుంది, చూడటానికి ముచ్చటగా ఉంటుంది. కానీ 0 పోతుంది. గడ్డకట్టే ప్రమాదం ఉన్న చోట ఆ గీతను వదులుకోలేం. అంతరం 1 పెడితే అన్నీ వస్తాయి గానీ, పేజీకి నాలుగు చార్టులున్నప్పుడు గీతలే డేటాను మింగేస్తాయి. 2 దగ్గర స్థిరపడ్డాం. యాక్సిస్ మైనస్ 2 నుంచి 14 వరకు, అన్ని గదులకూ ఒకే కొలత.

ఎక్సెల్‌లో ఇది చేయడం ఒక నిమిషం పని. యాక్సిస్ అంకెల మీద డబుల్ క్లిక్ చేస్తే ఫార్మాట్ యాక్సిస్ తెరుచుకుంటుంది. బౌండ్స్ కింద మినిమమ్, మాగ్జిమమ్, యూనిట్స్ కింద మేజర్, మైనర్ ఉంటాయి. గడిలో అంకె టైప్ చేసిన క్షణం నుంచి అది స్థిరమైపోతుంది, పక్కన ఆటో అన్న చోట రీసెట్ కనిపిస్తుంది. ఇక్కడ చాలామంది మేజర్ ఒక్కటే మార్చి వదిలేస్తారు, అది సరిపోదు. ఎక్సెల్ గీతలను మినిమమ్ దగ్గర నుంచి లెక్కపెడుతుంది. మినిమమ్‌ను మైనస్ 1 చేసి మేజర్ 2 పెడితే 1, 3, 5, 7, 9 వస్తాయి, కావలసిన 2, 8 రెండూ తప్పిపోతాయి. 0, 2, 8 గీతల మీద పడాలంటే మినిమమ్ కూడా అంతరానికి గుణిజం అయి తీరాలి. అదీగాక మినిమమ్ ఆటోలో ఉండి మేజర్ మాత్రమే స్థిరంగా ఉంటే, వచ్చే నెల డేటాతో యాక్సిస్ మళ్లీ జరుగుతుంది, గదుల మధ్య పోలిక మళ్లీ పోతుంది.

విలువలు సున్నాకు దిగువకు వెళ్లే చార్టులో ఇంకో చిన్న చిక్కు వస్తుంది. అడ్డు యాక్సిస్ అంకెలు సున్నా గీత మీదే, చార్టు మధ్యలో, డేటాకు అడ్డంగా కూర్చుంటాయి. అడ్డు యాక్సిస్ సెట్టింగుల్లో లేబుల్ పొజిషన్‌ను లో అని మారిస్తే అవి కిందికి దిగుతాయి. గ్రిడ్ గీతలన్నీ లేత బూడిద రంగులో ఉంచి, 2 దగ్గరా 8 దగ్గరా మాత్రం విడిగా రెండు సిరీస్‌లు వేసి ముదురు గీతలు గీశాం.

అడ్డు యాక్సిస్: కాలానికి పదుల లెక్క పొసగదు

నిజమైన గొడవంతా ఇక్కడే ఉంది, దీనికే ఎక్కువ శ్రమ పట్టింది.

పాత నివేదికలో రోజువారీ చార్టుల్లో అడ్డు యాక్సిస్ మీద 0:00, 2:24, 4:48, 7:12 అని ఉండేది. రెండు గంటల ఇరవై నాలుగు నిమిషాల లెక్క ఎవరి గడియారంలోనూ ఉండదు. ఇది ఎక్సెల్ తేదీలను దాచుకునే తీరు వల్ల వస్తుంది. అక్కడ ఒక రోజు అంటే 1. 2024 జనవరి 1 అంటే 45292. సమయం అంటే ఆ 1లో భాగం: 12 గంటలు 0.5, 6 గంటలు 0.25. అడ్డంగా, నిలువుగా రెండు వైపులా అంకెల స్కేలు ఉండే స్కాటర్ చార్టులో ఆటో అంతరం పదుల లెక్కలో 0.1ని ఎంచుకుంటుంది. రోజులో పదో వంతు అంటే 2 గంటల 24 నిమిషాలు. 1, 2, 5 పద్ధతి అంకెలకు బాగా కుదురుతుంది గానీ, 24 గంటలకూ 60 నిమిషాలకూ కుదరదు.

లైన్ చార్టుకు మారదామని వాళ్ల బృందంలో ఒకరు అన్నారు. అందులో రెండు దారులున్నాయి, రెండూ ఈ డేటాకు పనికిరావు. డేట్ యాక్సిస్ ఎంచుకుంటే దాని కనిష్ఠ ప్రమాణం రోజు. అంతకన్నా చిన్నది దానికి తెలియదు, కాబట్టి ఒక రోజులోని 144 రీడింగులూ ఒకే నిలువు గీత మీద పేరుకుంటాయి. టెక్స్ట్ యాక్సిస్ ఎంచుకుని లేబుళ్ల మధ్య అంతరం 36 అని ఇస్తే, 10 నిమిషాల రీడింగులు కాబట్టి 6 గంటలకో లేబుల్ వస్తుంది. అయితే లాగర్ కొన్ని రీడింగులు వదిలేసిందనుకోండి, టెక్స్ట్ యాక్సిస్ ఆ ఖాళీని చూపించదు. మిగిలినవాటిని దగ్గరికి జరిపేస్తుంది, అక్కడి నుంచి లేబుళ్లన్నీ పక్కకు తప్పుతాయి. ఉష్ణోగ్రత పర్యవేక్షణలో లాగర్ ఆగిపోయిన సమయమే అన్నిటికన్నా అనుమానించాల్సింది. దాన్ని దాచేసే చార్టును నేను ఒప్పుకోలేను.

కాబట్టి స్కాటర్ చార్టే, గీతలతో. రీడింగులు లేని చోట ఒక ఖాళీ వరస వదిలి, ఖాళీ గడులను గ్యాప్‌గా చూపించమన్నాం. రోజువారీ చార్టుకు ఒక కొత్త కాలమ్ పెట్టి, అందులో ప్రతి రీడింగు తేదీ, సమయం కలిసి ఉండే టైమ్‌స్టాంప్‌లోంచి తేదీ భాగాన్ని తీసేసి సమయం భాగాన్నే ఉంచాం. ఎక్సెల్‌లో శేషాన్ని ఇచ్చే మాడ్ ఫంక్షన్‌కు 1 ఇస్తే చాలు. యాక్సిస్ మినిమమ్ 0, మాగ్జిమమ్ 1, మేజర్ 0.25, మైనర్ 0.125. అంటే 6 గంటలకో పెద్ద గీత, 3 గంటలకో చిన్న గుర్తు. గంటకో గీత వద్దన్నాను. అందుకు కిక్కిరిసిపోవడం ఒక కారణమైతే, లెక్క మరో కారణం. గంట అంటే 0.041666 అని ఆగకుండా సాగే సంఖ్య, దాన్ని కుదించి టైప్ చేస్తే చివరి లేబుళ్లకు వచ్చేసరికి ఒక సెకను తప్పడం మొదలవుతుంది. 0.25, 0.125 కంప్యూటర్ బైనరీలో కచ్చితంగా ఇమిడే భిన్నాలు, ఎంత దూరం వెళ్లినా తప్పవు. లేబుల్ ఫార్మాట్‌లో గంటల అక్షరాన్ని చదరపు బ్రాకెట్లలో పెడితే చివరి గీత 0:00 బదులు 24:00 అని చూపిస్తుంది. చిన్నదే, కానీ చదివేవాళ్లను ఆగి ఆలోచించనివ్వదు.

నెల చార్టుకూ ఇదే ఆలోచన. అసలు తేదీ సంఖ్యలతో గీస్తే జనవరి చార్టు డిసెంబర్ తేదీల నుంచి మొదలవుతుంది. బౌండ్స్‌ను 45292 దగ్గర స్థిరం చేస్తే వచ్చే నెల డేటా పోసినప్పుడు చార్టు ఖాళీగా ఉంటుంది. అందుకని తేదీ బదులు నెలలో ఎన్నో రోజో చెప్పే సంఖ్యను యాక్సిస్‌కు ఇచ్చాం: టైమ్‌స్టాంప్‌లోంచి ఆ నెల ఒకటో తేదీని తీసేసి 1 కలపడమే. ఇప్పుడు యాక్సిస్ ఎప్పుడూ 1 నుంచి 32, మేజర్ 7. గీతలు 1, 8, 15, 22, 29 మీద పడతాయి. అవన్నీ ఒకే వారం రోజు కాబట్టి, వారానికోసారి సరుకు దిగే రోజు ప్రభావం ఉంటే ప్రతి గీత నుంచి ఒకే దూరంలో కనిపిస్తుంది.

అంతరం మార్చినా కనపడనిది

వాళ్లకు గట్టిగా చెప్పాల్సి వచ్చిన మాట ఒకటుంది. 30 రోజులంటే 720 గంటలు. చార్టు గీసే స్థలం వెడల్పు 720 పిక్సెళ్లయితే గంటకు ఒక్క పిక్సెల్ దక్కుతుంది. మైనస్ 0.5 కింద 60 నిమిషాలు గడిపిన గది, అంటే అలారం మోగాల్సిన గది, నెల చార్టులో ఒక పిక్సెల్ మందం గీతగా దిగి పైకొస్తుంది. పేజీకి నాలుగు చార్టులంటే ఆ పిక్సెల్ కూడా ఉండదు. బాగాలేని గదిలో ఆ రాత్రి మైనస్ 1కి పడిపోయిన ఉష్ణోగ్రత ఎవరి కంటా పడకపోవడానికి ఇది కూడా కారణమే. ఎంత మంచి అంతరం పెట్టినా ఇది తీరదు.

అందుకే నెల చార్టు కింద ఘటనల చార్టులు వేరుగా పెట్టాం. హద్దు దాటిన ప్రతి రోజుకూ 0 నుంచి 24 గంటల చార్టు ఒకటి, నిలువు స్కేలు మాత్రం అదే మైనస్ 2 నుంచి 14. మైనస్ 0.5 కింద గడిపిన నిమిషాలకు ఒక బార్ చార్టు కూడా వచ్చింది. దానికి ఎక్సెల్ 50 చొప్పున గీతలు వేస్తే, 60కి మార్చాను. మొదటి గీత తగిలిన బార్ అంటే అలారం హద్దు తగిలిన రోజు, ఇంక లెక్క అక్కర్లేదు.

స్థిరమైన స్కేలులో ఉన్న ప్రమాదం

బౌండ్స్ స్థిరం చేస్తే ఒక రోజు ఉష్ణోగ్రత 19కి వెళ్లినా ఉష్ణోగ్రత గీత 14 దగ్గరే తెగిపోతుంది. తొందరలో చూసేవాళ్లకు అది పైకప్పు తగిలి వెనక్కి వచ్చినట్టు అనిపిస్తుంది. ప్రాణాలకు సంబంధించిన సరుకు విషయంలో ఇది చిన్న లోపం కాదు. అందుకే ఒక గడిలో, 14 పైన, మైనస్ 2 కింద ఉన్న రీడింగులు ఎన్నో లెక్కపెట్టే కౌంటిఫ్ సూత్రాలు రాసి, చార్టు టైటిల్‌ను ఆ గడికి లింక్ చేశాం. చట్రం బయట ఒక్క రీడింగు ఉన్నా టైటిల్‌లోనే తెలుస్తుంది. యాక్సిస్ బౌండ్స్‌ను నేరుగా గడికి లింక్ చేసే వీలు ఎక్సెల్‌లో లేదు, మాక్రో, అంటే ఎక్సెల్‌లో నడిచే చిన్న ప్రోగ్రాము, రాయాలి. మినిమమ్‌స్కేల్, మాగ్జిమమ్‌స్కేల్, మేజర్‌యూనిట్ అనే మూడు ప్రాపర్టీలతో పని అయిపోతుంది. కానీ ఆ కేంద్రంలో మాక్రోలకు అనుమతి లేదు, టైటిల్ పద్ధతే మిగిలింది. నిజానికి నాకు అదే నచ్చింది. స్కేలు తనంతట తాను పెరిగిపోతే గదుల మధ్య పోలిక మళ్లీ దెబ్బతింటుంది.

పై కార్యాలయంలో ఇదే డేటాను టాబ్లో అనే చార్టుల సాఫ్ట్‌వేర్‌లో చూస్తారు. అక్కడ ఎడిట్ యాక్సిస్‌లో రేంజ్ ఒకచోట, టిక్ మార్క్స్ మరోచోట ఉంటాయి. టిక్ అంతరంతో పాటు టిక్ ఆరిజిన్ కూడా విడిగా ఇవ్వొచ్చు కాబట్టి, రేంజ్ ఎక్కడ మొదలైనా గీతలను 0 నుంచి లెక్కపెట్టించవచ్చు. ఎక్సెల్‌లో లేని ఈ సౌకర్యం నాకు చాలా ఇష్టం. గదులన్నీ వరసగా పెట్టినప్పుడు ఇండిపెండెంట్ యాక్సిస్ రేంజెస్ ఎంపిక జరగకుండా చూసుకోమన్నాను, అది పడితే పాత సమస్యే తిరిగొస్తుంది. పైథాన్‌లో చేసేవాళ్లకు మ్యాట్‌ప్లాట్‌లిబ్ మల్టిపుల్‌లొకేటర్‌కు 2, అవర్‌లొకేటర్‌కు ఇంటర్వల్‌గా 6 ఇస్తే సరిపోతుంది. ఆర్ భాష వాడేవాళ్లు ఒకచోట జాగ్రత్తపడాలి: అందులోని చార్టుల ప్యాకేజీ జీజీప్లాట్2లో స్కేలు లిమిట్స్ పెడితే వాటి బయట ఉన్న రీడింగులు డేటాలోంచే తొలగిపోతాయి. కనిపించే మేర మాత్రమే కుదించాలంటే కోఆర్డ్ కార్టీజియన్ వాడాలి.

ఏం బయటపడింది

కొత్త చార్టుల్లో మంచి గది 4కీ 6కీ మధ్య దాదాపు తిన్నని గీతగా మారింది, దాని గురించి ఫోన్లు ఆగిపోయాయి. బాగాలేని గది 8 గీతను ఎన్నిచోట్ల దాటిందో ఎవరైనా వేలు పెట్టి చూపించగలిగారు.

నాకు ఎక్కువ సంతోషం కలిగించింది మూడో గది. దాని ఉష్ణోగ్రతలో రోజూ చిన్న చిన్న బుడిపెలు వచ్చేవి. 2:24, 4:48 గీతల మధ్య అవి క్రమం లేకుండా చల్లినట్టు ఉండేవి, తలుపు తరచూ తీస్తున్నారని సిబ్బందిని అనేవారు. 6 గంటల గీతలు వేశాక నాలుగు బుడిపెలు సరిగ్గా గీతల పక్కనే నిలబడ్డాయి, ప్రతి రోజూ అక్కడే. అవి తలుపువి కావు, గదిని చల్లబరిచే ఎవాపరేటర్ మీద పేరుకున్న మంచును కరిగించే డీఫ్రాస్ట్ టైమర్‌వి. టైమర్ 6 గంటలకు ఒకసారి పెట్టి ఉందని టెక్నీషియన్ నిర్ధారించారు. మిగిలిన ఒకటి రెండు బుడిపెలే తలుపు వల్ల వచ్చినవి, అవీ సరుకు దిగే వేళల్లోనే.

గడ్డకట్టించి ఉంచే గదులకు మాత్రం వేరే టెంప్లేట్ చేశాం. అక్కడ హద్దులు మైనస్ 25, మైనస్ 15. మైనస్ 30 నుంచి మైనస్ 10 దాకా 5 డిగ్రీల అంతరం పెడితే రెండూ గీతల మీద పడతాయి. చార్టు ఎత్తు ఒకటే అయినా ఒక డిగ్రీకి దక్కే ఎత్తు వేరు కాబట్టి, ఈ చార్టులను కోల్డ్ రూముల పేజీలో కలపకుండా విడి పేజీలో, స్కేలు టైటిల్‌లో రాసి పంపుతున్నారు.